పీల్చని వెంచురి, ఎత్తని ఫోను: అనంతపురం చీనీ తోటల్లో ఎరువులు డ్రిప్‌లోకి మార్చిన ఒక కేస్ స్టడీ

అనంతపురం జిల్లాలో డ్రిప్ లేని చీనీ (బత్తాయి) తోట చూపించమంటే ఇప్పుడు కొంచెం వెతకాల్సిందే. 2003లో ఏపీ మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు మొదలయ్యాక సబ్సిడీ మీద చాలా పైపులు వచ్చాయి, చిన్న సన్నకారు రైతులకైతే 90 శాతం సబ్సిడీ, పైగా ఏడాది మొత్తం కలిపి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, బోరు నీళ్ళనే నమ్ముకున్నోళ్ళు డ్రిప్ వద్దని ఎందుకంటారు. కానీ అదే తోటకి ఎరువు వేసే రోజు పోయి చూడండి. డ్రిప్ ఆపేసి, కూలోళ్ళని పెట్టి, పాదు పాదుకీ యూరియా చల్లి, మట్టి కప్పి, మళ్ళీ నీళ్ళు వదుల్తారు. ఎరువుని డ్రిప్ నీళ్ళలోకి లాగే వెంచురి ఫిల్టర్ పక్కనే బిగించే ఉంటుంది, దాని సన్న ట్యూబు ఎండకి గట్టిపడిపోయి లోపల సాలెగూడు కట్టి ఉంటుంది.

నేను చీనీ రైతుల ఉత్పత్తిదారుల సంఘం ఒకదానికి ఫీల్డ్ పని చూస్తాను. నార్పల, గార్లదిన్నె మండలాల్లో మా సభ్యుల తోటల్లో ఈ వెంచురి వాడకం ఎట్ల మొదలైంది, ఎవరి వల్ల నిలబడింది, ఎక్కడ నిలబడలేదు అనేది రాస్తున్నా, ఎందుకంటే ఇదే పని వేరే పరికరాలతో చేస్తున్న తోటి ఫీల్డ్ వాళ్ళు చాలామంది 'మేమూ వాట్సాప్ గ్రూపు పెట్టాం, ఏం జరగలేదు' అంటున్నారు. గ్రూపు పెట్టడం ఒక్కటే పని కాదు. గ్రూపులో ఎవరుండాలి, ఏ రోజు పెట్టాలి, ఎవరు నోరు మూసుకోవాలి అన్నదే అసలు పని.

వెంచురి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మెయిన్ పైపుకి పక్కన ఒక చిన్న బైపాస్, అందులో నడుమ సన్నబడిన ఒక ప్లాస్టిక్ ముక్క. మెయిన్ లైన్ మీద ఉన్న వాల్వ్‌ని కొంచెం మూస్తే నీళ్ళు ఆ బైపాస్ గుండా తోసుకుని పోతాయి, సన్నటి దగ్గర స్పీడు పెరిగి పీడనం పడిపోతుంది, అప్పుడు ట్యూబు బకెట్లోంచి ఎరువు నీళ్ళని లోపలికి లాగుతుంది. దీనికి వేరే కరెంటు అక్కర్లేదు, తిరిగే పార్టు ఒక్కటీ లేదు. తోటలో ఒక్కో భాగానికి నీళ్ళు వదిలే వాల్వ్‌ని మా దగ్గర గేటు అంటారు. అంతే. చూడ్డానికి ఇంత సింపుల్‌గా ఉన్నదాన్ని ఏళ్ళ తరబడి ఎందుకు వాడలేదు?

తెలియక అనుకుంటే పొరపాటు. ట్రైనింగులు అయ్యాయి, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి పోయి చూసొచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు, పాంప్లెట్లు ఇంట్లో గోడకి తగిలించే ఉన్నాయి. మేం ఇంటింటికీ పోయి 'వెంచురి ఎందుకు వాడవు' అని కాకుండా 'ఎప్పుడు ఆపేశావు' అని అడగడం మొదలుపెట్టాం, అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఒక పెద్దాయన చెప్పింది దాదాపు అందరి మాటా అదే: "పెట్టినా సార్ ఒగసారి. పీల్చల్యా. మందంతా బకెట్లోనే ఉండె. కంపెనీ పిల్లోనికి ఫోన్ కొడితే ఎత్తల్యా. అంతలో కరెంటు పాయ. ఇంగ ఎవురిని అడగల్ల? కూలోళ్ళను పిలిచి పాదుల్లో ఏపిచ్చినా."

అంటే వీళ్ళు కొత్తదాన్ని వద్దన్నవాళ్ళు కాదు. ఒకసారి మారి, మొదటిసారి ఇబ్బంది వచ్చిన గంటలో ఒంటరైపోయి, వెనక్కి పోయిన వాళ్ళు. ఈ రెండింటికీ మందు వేరే వేరే. తెలియని వాళ్ళకి డెమో కావాలి. వెనక్కి పోయిన వాళ్ళకి ఆ గంటలో ఫోనెత్తే మనిషి కావాలి. మా ప్రోగ్రాం అంతా ఆ రెండో దాని మీదే కట్టాం.

అమెరికాలో అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం వచ్చినప్పుడు రైతులు దానికి ఎట్ల మారారో రయాన్, గ్రాస్ అని ఇద్దరు సోషియాలజిస్టులు 1943లో రాశారు, ఈ రంగంలో ఇప్పటికీ అందరూ తల్చుకునే పని అది. విత్తనం గురించి మొదట చెప్పింది ఎక్కువగా కంపెనీ సేల్స్‌మన్లే, కానీ సరే వేద్దాం అనిపించింది మాత్రం పక్క పొలం రైతు. వాళ్ళు మాట్లాడిన 259 మందిలో ఇద్దరు తప్ప అందరూ 1941 కల్లా మారారు, అయితే 1928లో మొదలైన దానికి అంతకాలం పట్టింది. విత్తనానికీ వెంచురికీ ఒక తేడా ఉంది, విత్తనం భూమిలో పడ్డాక దాని పని అది చేసుకుంటుంది, వెంచురి అట్ల కాదు, పెట్టిన ప్రతిసారీ వాల్వ్ సరిగా తిప్పాలి. అందుకే మాకు పక్క రైతు ఒప్పించడం కన్నా పక్క రైతు చెయ్యి పట్టుకుని తిప్పించడం ముఖ్యం.

ఎవరిని పట్టుకోవాలి

మామూలుగా ఏ సంస్థ వచ్చినా ఊర్లో సర్పంచ్‌నో, ఎక్కువ ఎకరాలున్న రైతునో పట్టుకుంటుంది. ఆయన తోటలో డెమో, ఆయన ఫోటో, ఆయన మాట. మేం అట్ల చేయలేదు. మన పక్కనే కర్ణాటక ఊర్లలో అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డఫ్లో, మాథ్యూ జాక్సన్ కలిసి చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ఊర్లో ఒక విషయం అందరికీ పాకాలంటే ఎవరికి చెప్పాలి అని ఊరివాళ్ళనే అడిగితే వాళ్ళు చెప్పే పేర్లు నిజంగానే పనికొస్తాయని అందులో తేలింది, పెద్ద పెద్ద సర్వేలు చేసి ఎవరికి ఎవరితో సంబంధమో మ్యాపులు గీయాల్సిన పని లేదు, ఊరికే తెలుసు. ఇది మాకు బాగా నచ్చింది, కానీ ప్రశ్న మార్చుకున్నాం. 'వార్త ఎవరు పాకిస్తారు' అని కాదు, 'తోటలో ఏదన్నా పాడైపోతే ఫస్ట్ ఎవరికి ఫోన్ కొడతావు' అని. ఇంకా ఖచ్చితంగా కావాలంటే వాళ్ళ ఫోన్ తీసి కాల్ లిస్టు చూసి చెప్పమన్నాం, చాలామంది సంతోషంగా చూశారు.

రెండు ప్రశ్నలకీ పేర్లు వేరే వచ్చాయి. వార్తకి సర్పంచ్ పేరు, టీ అంగడి ఆయన పేరు. పాడైనప్పుడు మాత్రం ఊరి తర్వాత ఊర్లో ఒకే మనిషి పేరు, మోటార్ మెకానిక్. రోడ్డు మీద చిన్న షెడ్డు, మోటార్ రివైండింగ్ చేస్తాడు, బోరులోంచి మోటార్ పైకి లాగాలన్నా, స్టార్టర్ కాలిపోయినా, ఫ్యూజు పోయినా ఆయనే. ఏ ప్రోగ్రాంలోనూ ఏ మీటింగులోనూ ఆయన్ని ఎవరూ కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు లేదు, రైతు కాదు కదా అని. ఆయనకి డ్రిప్ పని సగం వచ్చు, వెంచురి ఎప్పుడూ పట్టుకోలేదు. ఆయన తర్వాత వచ్చిన పేర్లు, రెండు మూడెకరాల చీనీ ఉన్న ఒక నడివయసు రైతు, డ్వాక్రా సంఘం లీడర్‌గా చేసిన ఒక అక్క. ఆ అక్క పేరు ఆడవాళ్ళ నోట మాత్రమే వచ్చింది, మగవాళ్ళని మాత్రమే అడిగి ఉంటే అసలు వచ్చేదే కాదు.

ఇంకో సంగతి. ఆఫ్రికాలో మలావీ దేశంలో 200 ఊర్లలో గుంతల్లో విత్తే పద్ధతి మీద ఒక పెద్ద ప్రయోగం జరిగింది, ఫలితాలు 2021లో వచ్చాయి. రైతులు కొత్త పద్ధతి పట్టుకోవాలంటే తమకి తెలిసిన వాళ్ళలో ఒకరు చేస్తే చాలదు, ఒకరికన్నా ఎక్కువమంది చేయాలి అన్నది అందులో నాకు పనికొచ్చిన మాట. అందుకని ఊరికొకరు అని చల్లుకుంటూ పోకుండా, తక్కువ ఊర్లు తీసుకుని, ఒకరి తోట ఒకరికి కనపడేంత దగ్గర్లో ఇద్దరు ముగ్గురిని కలిపి మొదలుపెట్టించాం. పై ఆఫీసుకి ఇచ్చే రిపోర్టులో ఊర్ల సంఖ్య తగ్గింది, దాని గురించి అడిగారు కూడా. ఇప్పటికీ చేయాల్సి వస్తే అట్లే చేస్తా.

గ్రూపు

జియో వచ్చిన 2016 తర్వాత మా ఏరియాలో డేటా ఉన్న ఫోన్ లేని ఇల్లు దాదాపు లేదు. వాట్సాప్ ఒక గ్రూపులో 1024 మందిని వేసుకోనిస్తుంది, అది ఉంది కదా అని జిల్లా మొత్తాన్ని ఒకే గ్రూపులో వేసేవాళ్ళున్నారు. అంతమందిలో రైతు నోరు తెరవడు. 'వెంచురి పీల్చడం లేదు' అని అడిగితే తెలివి తక్కువోడు అనుకుంటారేమో అని భయం, తెలియని నంబర్లు వందల్లో చూస్తుంటే ఆ భయం ఇంకా ఎక్కువ. మేం మూడు నాలుగు ఊర్లకి ఒక గ్రూపు, ముప్పై నలభై మంది దాటనివ్వలేదు, ప్రతి మనిషికీ గ్రూపులో కనీసం నలుగురైనా మొహం తెలిసినవాళ్ళు ఉండేట్టు చూసుకున్నాం.

చేర్చే రోజు కూడా ముఖ్యం. ట్రైనింగ్ రోజు అందరి నంబర్లూ తీసుకుని గ్రూపులో వేసేస్తే వాళ్ళు తోటలో వెంచురి పెట్టే నాటికి ఆ గ్రూపు మ్యూట్‌లో ఉంటుంది. కాబట్టి వెంచురి శుభ్రం చేసి, మొదటిసారి బకెట్ నీళ్ళు పీల్చి చూపించిన రోజు, తోటలోనే నిలబడి చేర్చాం. చేర్చిన వెంటనే ఆయన చేతే తన సెట్ ఫోటో ఒకటి పెట్టించాం. ఒకసారి ఫోటో పెట్టిన మనిషి రెండోసారి అడగడానికి మొహమాటపడడు.

రూల్స్ పెద్దగా పెట్టలేదు. రాయక్కర్లేదు, వాయిస్ చాలు. ఫోటో పెడితే దగ్గర్నుంచి కాదు, దూరంగా నిలబడి ఫిల్టర్ నుంచి వాల్వ్ దాకా అంతా కనపడేట్టు. గుడ్ మార్నింగులు, పార్టీల సంగతులు వద్దు. అమ్మేవాళ్ళు వద్దు. ఇవన్నీ ఎవరైనా పెడతారు. మేం గట్టిగా పట్టుబట్టింది మాత్రం మా స్టాఫ్ మీద పెట్టుకున్న రూలు: రైతు అడిగితే అరగంట దాకా మేం జవాబు చెప్పకూడదు. స్టాఫ్ వెంటనే చెప్పేస్తే అందరూ స్టాఫ్‌నే అడుగుతారు, ప్రాజెక్టు అయిపోయి మేం వెళ్ళిపోయిన రోజు గ్రూపు చచ్చిపోతుంది. ఈ అరగంట ఊరుకోవడం మా కుర్ర స్టాఫ్‌కి చాలా కష్టమైంది, తెలిసిన జవాబు నోట్లో పెట్టుకుని కూర్చోవాలి కదా.

ఒకరోజు పొద్దున కరెంటు వచ్చిన కాసేపటికి నడిచిన సంభాషణ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా, ఇది చూస్తే మేం ఏం కోరుకున్నామో అర్థమవుతుంది. మొదట ఒక మసక ఫోటో, దాని కింద ఒక రైతు వాయిస్: "బావా, ఇది పీల్చేది ల్యా. బకెట్ యూరియా కరిగిచ్చి పెట్టినా. యాడ తిప్పల్ల చెప్పు, నీళ్ళు పోతాండాయి."

మెకానిక్: "ఆ ఫోటో కాదు బావా. ఎనక్కి జరిగి తీయి, అంతా కనపడల్ల."

రెండో ఫోటో వచ్చింది. మెకానిక్ చూసేలోపే అక్క వాయిస్: "నడి వాల్వ్ పూరా తెరిచి పెట్టినావు చూడన్నా. సగానికి మూయి. మొన్న మాకూ అట్లే అయింది."

"మూసినా మా. రవ్వంత పీల్చి మళ్ళా నిలబడె."

మెకానిక్: "ట్యూబు బకెట్ అడుక్కు ఆనిచ్చినావా? అడుగున మడ్డి ఉంటాది, జాలి మూసుకుంటాది. నాలుగు వేళ్ళ మందం పైకెత్తి కట్టు. ఇంగో మాట, ఒగ గేటే తెరిచినావా? రెండోది గూడ తెరువు, ముందర ప్రెషర్ ఎక్కువున్నా పీల్చదు."

కాసేపటికి ఒక చిన్న వీడియో. పారదర్శకంగా ఉన్న ట్యూబులో నీళ్ళు గబగబా పాకుతూ పోతున్నాయి, వెనకాల ఆయన గొంతు, "పీలుస్తాంది, పీలుస్తాంది."

ఈ మొత్తానికి కరెంటు ఉన్న టైములో కొంచెమే ఖర్చయింది. మా స్టాఫ్ ఒక్క ముక్క మాట్లాడలేదు. అక్క మాటలో 'మాకూ అట్లే అయింది' అన్నది నా దృష్టిలో ఆ రోజు టెక్నికల్ సలహా కన్నా విలువైనది, ఎందుకంటే ఆయనకి తన చేతకానితనం కాదు ఇది, అందరికీ అయ్యేదే అని తెలిసింది. ఆ వీడియో పెట్టిన రైతే తర్వాత వారాల్లో వేరే వాళ్ళకి వాల్వ్ సగం మూయమని చెప్తూ కనిపించాడు.

తప్పుడు సలహాల సంగతి

రైతులే రైతులకి చెప్పుకుంటే తప్పులు పాకవా అని అందరూ అడుగుతారు. పాకుతాయి. ఒకసారి ఎక్కడినుంచో ఫార్వర్డ్ అయిన ఒక ఎరువుల షెడ్యూల్ వచ్చింది, అందులో కాల్షియం నైట్రేట్, 0:52:34 (భాస్వరం, పొటాష్ ఉండే నీళ్ళలో కరిగే ఎరువు) ఒకే రోజు ఒకే బకెట్లో అన్నట్టు ఉంది. ఆ రెండూ కలిస్తే కాల్షియం ఫాస్ఫేట్ తెల్లగా పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతాయి, పైగా మన బోరు నీళ్ళలో సున్నం ముందే ఎక్కువ. డ్రిప్పర్లు మూసుకున్న తోట యజమాని వెంచురిని మాత్రమే కాదు, గ్రూపుని కూడా జన్మలో నమ్మడు.

'ఇది తప్పు, నమ్మకండి' అని మేం ఒక మెసేజ్ పెట్టి ఊరుకుని ఉండొచ్చు. దానికి బదులు మెకానిక్ దగ్గరికి పోయి, ఆయన షెడ్డులోనే ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు రెండు తీసుకుని, బోరు నీళ్ళు పోసి, ఒకదాంట్లో చెంచా కాల్షియం నైట్రేట్ ఒక్కటే, రెండోదాంట్లో రెండూ వేసి ఊపి, పక్కపక్కన పెట్టాం. రెండో సీసా కళ్ళముందే మజ్జిగ నీళ్ళలాగా తెల్లబడింది. వీడియో ఆయనే తీశాడు, ఆయనే మాట్లాడాడు: "సూడండబ్బా, ఇది మీ డ్రిప్పర్లో పోతే ఏమైతాదో మీరే సూసుకోండి. యా రెండు మందులు కలపాలన్నా ఫస్ట్ సీసాలో కలిపి సూడు. తెల్లగైతే కలపాకు." మా గ్రూపుల్లో ఎక్కువగా తిరిగిన వీడియో ఇదే, మేం ఎప్పుడూ పోని ఊర్ల నుంచి కూడా దీని గురించి ఫోన్లు వచ్చాయి. ఎర్ర పొటాష్ అడుగున ఎర్ర మడ్డి వదుల్తుంది కాబట్టి తెల్ల పొటాష్ తీసుకోవాలి, డీఏపీ పూర్తిగా కరగదు కాబట్టి దాన్ని వెంచురిలో పెట్టకూడదు, ఇవి కూడా ఆ సీసాలోనే చూసి తెలుసుకున్నారు, మేం పాఠం చెప్పలేదు.

ఒక్క విషయం మాత్రం గ్రూపులో మాట్లాడనివ్వలేదు, యాసిడ్. పైపుల్లో ఉప్పు పేరుకుంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పెట్టి కడగాలి, నీళ్ళలో యాసిడ్ పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, చేతులకి కళ్ళకి రక్షణ కావాలి. ఇది వాయిస్ మెసేజ్‌లో చెప్పి వదిలేసే పని కాదు, ఎవరు అడిగినా మా మనిషి తోటకి పోతాడు. ఈ గీత ఎక్కడ గీయాలో ప్రతి ప్రాజెక్టూ ముందే తేల్చుకోవాలి అని నా గట్టి నమ్మకం.

ఫోన్ ఒకరిది, వాల్వ్ ఒకరిది

కొన్నాళ్ళకి ఒకటి గమనించాం. గ్రూపులో చురుగ్గా ఉండే కొందరి తోటల్లో వెంచురి మళ్ళీ మూలపడింది. పోయి చూస్తే, గ్రూపులో ఉన్నది భర్త, తోటలో గేట్లు తిప్పేది భార్య. ఆయన చీనీ కాయలు తీసుకుని అనంతపురం యార్డుకో, పని మీద తాడిపత్రికో పోయిన రోజు ఆమె ఒక్కతే, ఆమె దగ్గర బటన్ ఫోన్. గ్రూపులో అంతమంది ఉన్నా ఆ గంటలో ఆమెకి ఎవరూ లేరు. అప్పుడు డ్వాక్రా అక్క ఒక పద్ధతి పెట్టింది, తన సంఘం వాళ్ళలో తోటలున్న ఆడవాళ్ళ నంబర్లు మెకానిక్ ఫోన్‌లో ఫీడ్ చేయించింది, వాళ్ళ ఫోన్లలో తన నంబరూ మెకానిక్ నంబరూ స్పీడ్ డయల్ పెట్టింది. వాట్సాప్ లేదు, ఏమీ లేదు, మామూలు కాల్. సోషల్ నెట్‌వర్క్ అంటే స్మార్ట్‌ఫోన్‌లో ఉండేదే అనుకుంటాం గానీ ఈ కేసులో సగం పని ఆ బటన్ ఫోన్లు చేశాయి.

ఇంకో వైపు బెంగళూరులో ఉన్న పిల్లలు. మా ఊర్లలో ఇంటికొకరు అక్కడ పనిచేస్తుంటారు. వాళ్ళని గ్రూపులోకి తీసుకోవాలా వద్దా అని మాలో వాదన జరిగింది, తోటలో ఉండరు కదా అని కొందరు. తీసుకున్నాం. మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్టు 1973లోనే చెప్పాడు, రోజూ కలిసే దగ్గరి వాళ్ళకన్నా దూరపు పరిచయాల నుంచే కొత్త సమాచారం ఎక్కువ వస్తుందని. ఈ పిల్లలు కన్నడ రైతుల వీడియోలు చూసి, కన్నడం తెలుసు కాబట్టి, తెలుగులో చిన్న వాయిస్ చేసి పెట్టేవాళ్ళు. ఇంకా ముఖ్యంగా, నాయనకి చెప్తే వినని మాట అమ్మకి వీడియో కాల్‌లో చూపించేవాళ్ళు, 'ఫోన్ అట్ల తిప్పు మా, ఆ వాల్వ్ కనపడల్ల' అని. మా స్టాఫ్‌లో ఎవరూ ఇంత ఓపికగా చేయలేరు.

ఒక ఊర్లో రెండు వర్గాలు. ఒకరు అడిగితే రెండో వైపు వాళ్ళు చూసి కూడా జవాబు ఇవ్వరు. కలపడం మా పని కాదు, అది మా వల్ల అయ్యేది కూడా కాదు. గ్రూపుని రెండు చేశాం, మెకానిక్ రెండింట్లోనూ ఉన్నాడు, మోటార్ కాలితే ఎవరికైనా ఆయనే దిక్కు కాబట్టి ఆయన్ని ఎవరూ తప్పుపట్టరు. ఒక వైపు నేర్చుకున్నది ఆయన ద్వారా రెండో వైపుకి పోయింది. రాయలసీమలో పనిచేసే వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, ఊర్లో అందరికీ కావాల్సిన మనిషి ఎవరు అన్నది ముందే తెలుసుకుని పెట్టుకోవాలి.

మందుల అంగళ్ళ వాళ్ళని గ్రూపులో పెట్టుకోలేదు గానీ వదిలేయలేదు. రైతు వాళ్ళ దగ్గర అప్పు మీదే తెచ్చుకుంటాడు, అంగట్లో తెల్ల పొటాష్, 19:19:19, 13:0:45 లాంటి నీళ్ళలో కరిగే ఎరువులు దొరక్కపోతే వెంచురి ఎంత బాగా పీల్చినా ఏం లాభం. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, నీళ్ళలో కరిగే ఎరువులు దానికి కొన్ని రెట్లు ఖరీదు, కాబట్టి మొదట్లో యూరియా, తెల్ల పొటాష్‌తోనే నడిపించాం, చేయి తిరిగాక మిగతావి. గ్రూపులో ఏ నెల ఎంతమంది ఏం అడుగుతున్నారో అంగడి ఆయనకి మేం చెప్పేవాళ్ళం, ఆయన సరుకు దించేవాడు. అంతకు మించి ఆయన గొంతు గ్రూపులో వినపడకూడదు అన్నది మా పట్టుదల, ఎందుకంటే అమ్మేవాడు ఒక్కసారి సలహా ఇస్తే ఆ తర్వాత ఎవరి సలహా వెనక ఏముందో అని అనుమానం మొదలవుతుంది.

ఏం నిలబడింది, ఏం నిలబడలేదు

ఎంతమంది వాడుతున్నారు అని ఫోన్‌లో అడిగితే అందరూ వాడుతున్నాం అనే అంటారు. అందుకని మా వాళ్ళు తోటకి పోయినప్పుడు ఏమీ అడగకుండా వెంచురి ట్యూబు చూస్తారు. మెత్తగా ఉండి, లోపల తెల్లటి చార ఉంటే వాడుతున్నట్టు. గట్టిపడి దుమ్ము పట్టి ఉంటే లేదు. బకెట్ అంచున ఎండిన యూరియా గుర్తులు కూడా చెప్తాయి. ఈ కొలత ప్రకారం గ్రూపు నడిచిన ఊర్లలో మొదలుపెట్టిన వాళ్ళలో ఎక్కువమంది తర్వాతి పూత సీజన్‌కి కూడా వాడుతూనే ఉన్నారు, ట్రైనింగ్ మాత్రమే అయిన పక్క ఊర్లలో ట్యూబులు మళ్ళీ గట్టిపడ్డాయి. వాళ్ళు చెప్పే కారణం మాత్రం మా పాంప్లెట్లలో రాసుకున్న ఎరువు ఆదా కాదు, కూలోళ్ళు. ఎరువు వేయడానికి మనుషుల కోసం తిరగాల్సిన పని తప్పింది అన్నదే వాళ్ళకి పెద్ద లాభం, మేమూ మా మాటలు దాని ప్రకారం మార్చుకున్నాం.

డిసెంబరులో చెట్లకి నీళ్ళు ఆపి వాటిని వాడనిచ్చి, జనవరిలో మళ్ళీ నీళ్ళు ఎరువులు ఇచ్చి పూత తెప్పించే టైములో ఎవరినీ కొత్తగా మొదలుపెట్టనివ్వలేదు. ఆ టైములో పూత రాలినా పిందె రాలినా కారణం ఏదైనా సరే కొత్తగా వచ్చిందాని మీదికే పోతుంది. కాయ కోత అయిపోయాక, అదీ ఒక్క గేటు కింద ఉన్న చెట్లకి మాత్రమే, మిగతావి పాత పద్ధతిలోనే. తోట మొత్తం మార్చు అంటే భయపడే మనిషి ఒక గేటుకి సరేనంటాడు, పక్కపక్కనే రెండూ చూసుకుంటాడు.

నిలబడని చోట్ల గురించి కూడా రాయాలి. కొన్ని తోటల్లో ఎంతమంది ఎన్ని సార్లు చెప్పినా వెంచురి పీల్చలేదు, వాల్వ్ సరిగానే ఉంది, ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. మెకానిక్ పోయి చూసి ఒకే మాటన్నాడు, "బోర్లో నీళ్ళే ల్యా సార్, ప్రెషర్ యాన్నుంచి వస్తాది." నీళ్ళు తక్కువైన బోర్లకి మోటారు ఆగి ఆగి పోస్తుంది, ఆ పీడనంతో వెంచురి పని చేయదు. అటువంటి రైతులని మా రిపోర్టుల్లో 'మారడానికి ఇష్టపడని వాళ్ళు' అనే కాలమ్ కింద రాస్తూ వచ్చారు, అది అన్యాయం. వాళ్ళ మనసులో ఏ లోపమూ లేదు, పరికరమే వాళ్ళ బోరుకి సరిపోదు. ఇటువంటి వాళ్ళని ఒత్తిడి చేయడం ఆపేసి, ఎరువు నీళ్ళని తోసే చిన్న ఇంజెక్షన్ పంపు ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకునేట్టు చూస్తున్నాం. గ్రూపు లేకపోతే ఈ తేడా మాకు తెలిసేది కాదు, ఎందుకంటే ఒకే రకం ఫిర్యాదు ఒకే వైపు బోర్ల నుంచి మళ్ళీ మళ్ళీ వస్తేనే అది కనపడింది.

ఇప్పుడు మా ముందున్న పెద్ద పని మెకానిక్ భారం. అందరూ ఆయనకే ఫోన్ కొడతారు, రివైండింగ్ పని మధ్యలో ఆపి జవాబు చెప్తాడు, దానికి ఆయనకి దమ్మిడీ రాదు. ఇప్పటిదాకా మర్యాద కోసం చేశాడు, అది ఎల్లకాలం అడగకూడదు. సంఘం బోర్డు మీటింగులో రెండు దారులు పెట్టాం. ఒకటి, వెంచురి ముక్కలు, ట్యూబులు, జాలీలు ఆయన షెడ్డులోనే అమ్మకానికి పెట్టి మార్జిన్ ఆయనకి ఇవ్వడం, దీంట్లో చిక్కు ఏంటంటే అమ్మేవాళ్ళు గ్రూపులో వద్దన్న మన రూలు మనమే దాటినట్టు అవుతుంది. రెండోది, సీజన్‌కి ఇంత అని సంఘం నుంచే ఇవ్వడం. నేను రెండోదానివైపే మాట్లాడాను, బోర్డులో రైతులు కూడా ఎక్కువమంది అటే ఉన్నారు. దాంతోపాటే శింగనమల వైపు మొదలుపెట్టబోయే కొత్త ఊర్లకి ఫారం మార్చాం, మొదటి గడిలో రైతు పేరు కాదు, తోటలో గేటు తిప్పే మనిషి పేరు, ఆ మనిషి చేతిలో ఉండే ఫోన్ నంబరు, ఏదన్నా పాడైతే ఆ మనిషి ఇప్పుడు ఎవరికి ఫోన్ కొడుతున్నారో ఆ పేరు. ఆ ఫారాలు నింపి, పేర్లు కలిపి చూశాకే అక్కడ గ్రూపు తెరుస్తాం.